పుచ్చిపోయిన పాత ప్లైవుడ్ పడవ: ఎంత కోయాలి, ఎంత ఉంచాలి?

రేవుగట్టు

అందరికీ నమస్కారం. 1960ల నాటి ప్లైవుడ్ పడవ ఒకటి నా చేతికి వచ్చింది. పొడవు పద్నాలుగు అడుగులు. అడుగూ పక్కలూ గుండ్రంగా కాకుండా మూల తిరిగి కలిసే రకం. ముందు భాగం మీద డెక్ ఉంది, వెనక అవుట్‌బోర్డ్ ఇంజన్ తగిలించే పలక ఉంది. ముక్కు దగ్గర పక్కపలకలు బయటికి విచ్చుకునే తీరు చూసి వదల్లేకపోయాను.

స్థితి మాత్రం బాగా లేదు. ఏళ్ళ తరబడి బోర్లించకుండా వదిలేశారు. చిరిగిన టార్పాలిన్‌లోంచి వాననీళ్ళు పడి అడుగున నిలిచాయి. వెనక పలక కింది మూలల్లో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోతోంది. అడుగు ప్లైవుడ్ ఆరు మిల్లీమీటర్లది, అడుగు మధ్యగా పొడుగునా సాగే వెన్నుకర్ర అయిన కీల్‌కి రెండు పక్కలా నల్లబడి మెత్తగా ఉంది. లోపల పక్కటెముకల్లా ఉండే ఫ్రేముల్లో కొన్నిటి కింది కొసలు వేళ్ళతో నలిపితే పొడి అవుతున్నాయి. డెక్ అంచుల్లో పొరలు విడిపోయాయి. పక్కపలకలు, కీల్ మధ్య భాగం, ముక్కు కర్ర పైభాగం గట్టిగానే ఉన్నాయి.

బాగా ఎండబెట్టి, పుచ్చిన చోట్ల రంధ్రాలు వేసి పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి, అడుగంతా ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచేద్దామని నా ఆలోచన. ఇది నిలుస్తుందా? చేసినవాళ్ళు చెప్పండి.

నీటిగీత

నిలవదండీ. ఎందుకో చెప్తాను.

పుచ్చు అంటే కర్రకి బలాన్నిచ్చే సెల్యులోజ్‌ని శిలీంధ్రం తినేయడం. తిన్నాక మిగిలేది ఆకారమే. అందులోకి ఎపాక్సీ పోస్తే గట్టిపడుతుంది, కానీ వంగి తిరిగి లేచే గుణం, లాగితే తట్టుకునే బలం రావు. పైగా సాల్వెంట్ కలిపి పల్చన చేసిన ఎపాక్సీ మామూలు ఎపాక్సీ కంటే బలహీనం, తేమని కూడా అంత బాగా ఆపదు. ప్లైవుడ్‌తో ఇంకో చిక్కు ఉంది. పోసిన ద్రవం జిగురు పొర దాటి కింది పొరలోకి దిగదు. రంధ్రం చుట్టూ కాస్త దూరం పాకి ఆగిపోతుంది. మధ్యలో పుచ్చు అలాగే ఉంటుంది.

దాని మీద గుడ్డ పరిచారనుకోండి, లోపలి తేమకి బయటికి దారి ఉండదు. కర్రలో తేమ దాదాపు 28 శాతం దాటితే శిలీంధ్రం విజృంభిస్తుంది, 20 శాతం లోపుంటే ఆగిపోతుంది. ఆగడమంటే చావడం కాదు. మళ్ళీ తేమ తగిలితే మళ్ళీ మొదలవుతుంది.

మీ పడవ పాడైంది ప్రయాణించిన నీటివల్ల కాదు, పైనుంచి పడ్డ వానవల్ల. ఉప్పునీరు శిలీంధ్రానికి పెద్దగా పడదు. మంచినీరు లోపల నిలిస్తే పండగే. పాత పడవల్లో పుచ్చు డెక్ కింద, ముక్కు లోపల, వెనక మూలల్లో ముందు కనిపించేది అందుకే.

గాలివాటం

నా మాట కాస్త కటువుగా ఉండొచ్చు. వెనక పలక, అడుగు, ఫ్రేములు, డెక్ అన్నీ పోయాక మరమ్మతు చేయడానికి మిగిలిందేంటి? ఆ పడవ కొలతలు తీసుకుని కొత్తది కట్టుకోండి. పాత కర్రని విప్పడం, శుభ్రం చేయడం, కొత్తదాన్ని దానికి అతికించడం... ఇవన్నీ కలిపితే కొత్త పడవ కట్టడం కంటే ఎక్కువ శ్రమ. కొత్త కర్రలో ఎక్కడ ఏముందో మీకు తెలుస్తుంది. పాతదాంట్లో తెలియదు.

ఉలిచప్పుడు

గాలివాటం గారి లెక్క శ్రమ వరకు సరైనదే. కానీ ఈ పడవలో పక్కపలకలు బాగున్నాయంటున్నారు. ముక్కు దగ్గర విచ్చుకునే ఆ వంపుని కట్టిన మనిషి చేతుల్లోంచి వచ్చిన గీత అనాలి. నకలు తీయడం అంత తేలిక కాదు. కర్ర మారినా పరవాలేదు, ఆకారం పోకూడదు. నా దృష్టిలో ఈ పని మొత్తం ఆ ఒక్క విషయం మీద నడవాలి.

కాబట్టి రేవుగట్టు గారూ, రంపం పట్టుకునే ముందు ఈ పని చేయండి. మీ పడవ ఇప్పుడు ఏ ఆకారంలో ఉందో మీకు తెలియదు. ఏళ్ళ తరబడి రెండు దిమ్మల మీద కూర్చుంటే కీల్ మధ్యలో పైకి లేచి ఉండొచ్చు, లేదా కుంగి ఉండొచ్చు, పడవ మొత్తం మెలి తిరిగి ఉండొచ్చు. ముక్కు నుంచి వెనక పలక మధ్య దాకా సన్నటి తాడు బిగించి కట్టండి. ప్రతి ఫ్రేము దగ్గర తాడు నుంచి కీల్‌కి లోతు కొలిచి రాసుకోండి. తర్వాత ప్రతి ఫ్రేము దగ్గర అడ్డంగా వంకర లేని ఒక బద్ద వేసి, ఒక కొస నుంచి రెండో కొసకి కళ్ళతో గురి చూడండి. బద్దలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా కనిపిస్తే మెలి లేదు. ముక్కు నుంచి వెనక పలక రెండు పైమూలలకి దూరం సమానంగా ఉండాలి.

తేడా వస్తే కింద ఆధారాలు కొద్దికొద్దిగా జరుపుతూ దాన్ని సరిచేయండి. పాత పడవ ఒక్కరోజులో మాట వినదు, కొన్ని వారాలు ఇవ్వాలి. సరైన ఆకారానికి వచ్చాక, పక్కపలకల పైఅంచుల మధ్య అడ్డపట్టీలు స్క్రూలతో బిగించి, కింద ప్రతి ఫ్రేము దగ్గరా దిమ్మలు పెట్టి కదలకుండా చేయండి. ఆ తర్వాతే కోత.

ఇంకో నియమం: ఫ్రేములన్నీ ఒకేసారి తీయకూడదు. ఒకటి తీసి, కొత్తది పెట్టి, జిగురు ఆరాకే రెండోది. తీసిన పుచ్చు ముక్కలు పారేయొద్దు, అవే మీకు నమూనాలు. సగం పొడి అయిపోయినా అట్టముక్క మీద పరిచి గీత గీసుకుంటే ఎదుటి పక్క ఫ్రేముతో పోల్చి మిగతాది పూర్తి చేయొచ్చు.

పాతరంగు

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. ఆ కాలం రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అడుగున పూసిన నాచు నిరోధక రంగుల్లో టిన్ సమ్మేళనాలు కూడా ఉండొచ్చు. అవి సముద్ర జీవులకి చేసిన హాని చూసి అంతర్జాతీయంగా నిషేధించారు, ఆ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. పొడిగా శాండర్ పెట్టొద్దు. తడిపి గీరండి, లేదా తడి ఎమరీ కాగితంతో రుద్దండి. సరైన ఫిల్టర్ ఉన్న మాస్క్ వేసుకోండి. రాలిన చెత్తని నేలలో కలవనీయకుండా కింద పట్టా పరిచి ఏరండి. పిల్లలు తిరిగే చోటైతే ఇంకా జాగ్రత్త. హీట్ గన్‌తో సీసం రంగుని మరీ వేడి చేస్తే ఆవిరి వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

రేవుగట్టు

ఇన్ని వివరాలకి ధన్యవాదాలు. ఎపాక్సీ పోసే ఆలోచన వదిలేశాను. గాలివాటం గారూ, మీరు చెప్పింది అర్థమైంది, కానీ నాకు కావలసింది ఈ పడవే. వీలైనంత వరకు దీన్నే నిలబెడతాను.

తాడు కట్టి చూశాను. కీల్ మధ్యలో కొంచెం పైకి లేచింది. మెలి మాత్రం లేదు. ఆధారాలు జరుపుతున్నాను.

రెండు ప్రశ్నలు. పుచ్చు అంచు ఎక్కడో ఎలా తెలుస్తుంది? అతుకుల దగ్గర జిగురు ముదురు ఊదా గోధుమ రంగులో గాజులా గట్టిగా ఉంది. ఇదేంటి, దీని మీద ఎపాక్సీ అంటుతుందా?

నీటిగీత

ఆ రంగు రిసార్సినాల్ జిగురుది. మంచి వార్త. రెండో ప్రపంచ యుద్ధం నాటికి నీటికి విడిపోని ఫినాల్, రిసార్సినాల్ రకం జిగుర్లు వచ్చాకే ప్లైవుడ్ పడవలు నిజంగా సాధ్యమయ్యాయి. 1944లో నార్మండీ తీరంలో సైనికులను దించిన హిగ్గిన్స్ పడవల్లో చాలా భాగం ప్లైవుడ్డే. యుద్ధం తర్వాత అదే పరిజ్ఞానం ఇళ్ళ వెనక షెడ్లలోకి వచ్చింది. మీ పడవ ఆ తరానిది.

అదే కాలంలో యూరియా రకం జిగురు కూడా వాడారు. అది తేమకీ వేడికీ ఏళ్ళు గడిచేకొద్దీ పొడిబారి విడిపోతుంది. కాబట్టి అన్ని అతుకులూ చూడండి, లేత రంగు జిగురు కనిపిస్తే అక్కడ నమ్మకం పెట్టుకోవద్దు.

ఎపాక్సీ అంటుతుంది, కానీ పాత జిగురు మీద కాదు, కర్ర మీద అంటాలి. చిత్రికతోనో ఉలితోనో జిగురు పొర తీసేసి తాజా కర్ర కనిపించేలా చేయండి. కొత్త అతుకులకి రిసార్సినాల్ వాడాలంటే అతుకు వెంట్రుక సందు లేకుండా కూర్చోవాలి, గట్టి క్లాంపు ఒత్తిడి కావాలి, ఆరేటప్పుడు 21 డిగ్రీలకి తగ్గకుండా వెచ్చగా ఉండాలి. మరమ్మతులో అలాంటి అతుకు దొరకడం కష్టం. ఎపాక్సీ సందుల్ని నింపుతుంది, ఎక్కువ ఒత్తిడి అడగదు. దానికో బలహీనత ఉంది. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతాయి. ఎండలో నల్లటి డెక్ ఆ వేడికి సులువుగా చేరుతుంది. చివర్లో రంగు ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

ఉలిచప్పుడు

పుచ్చు అంచు వెతకడానికి చెవి, సన్నటి మొన, రెండూ కావాలి. చిన్న సుత్తితో లేదా స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్ళండి. మంచి కర్ర ఖంగున పలుకుతుంది, పుచ్చింది దబ్‌మంటుంది. అనుమానం వచ్చిన చోట మొనతో కర్ర పీచు కింద గుచ్చి పైకి ఎత్తండి. మంచి కర్ర పొడుగాటి పీచుగా లేస్తుంది, చిటపటమని చప్పుడు చేస్తుంది. పుచ్చిన కర్ర పొట్టిగా, చప్పుడు లేకుండా తెగిపోతుంది. ఈ పరీక్షకి మించింది లేదు. సూదుల తేమ మీటర్ ఉంటే దాన్ని కూడా వాడండి, అయితే ఉప్పు పట్టిన కర్రలో అది ఎక్కువ అంకె చూపిస్తుంది.

కంటికి కనిపించే పుచ్చు దగ్గర ఆగొద్దు. శిలీంధ్రం పోగులు దాన్ని దాటి ఉంటాయి. నేనైతే పీచు వెంట ఇంకో జానెడు దాటి కోస్తాను.

తెడ్డు

బోరేట్ (బోరాన్ ఉప్పు) ద్రావణం సంగతి ఎవరైనా చెప్తారా? కోసిన తర్వాత మిగిలిన కర్రకి పడితే శిలీంధ్రం చస్తుందని విన్నాను. అలాగే ఇథిలీన్ గ్లైకాల్, అంటే కార్ల రేడియేటర్‌లో పోసే ద్రవం.

నీటిగీత

బోరేట్ పనిచేస్తుంది. ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఒకటుంది. కర్ర పూర్తిగా ఎండాక పూస్తే అది లోతుకి పోదు. నీటిలో కరిగి, తేమ ఉన్న దారి వెంటే లోపలికి పాకుతుంది. కాబట్టి పుచ్చు కోసేసిన వెంటనే, కర్ర ఇంకా తడిగా ఉన్నప్పుడే రెండు మూడుసార్లు పూసి, ప్లాస్టిక్ కప్పి కొన్నాళ్ళు వదలండి. ఆ తర్వాత ఎండబెట్టండి. పైన తెల్లటి స్ఫటికాలు తేలితే తడిగుడ్డతో తుడిచి, ఆరాక ఎమరీ కాగితం పట్టించాలి, లేకపోతే ఎపాక్సీ కర్రకి కాకుండా ఆ ఉప్పుకి అంటుకుంటుంది. రంగు వేయని కర్రలోంచి నీళ్ళతో పాటు బోరేట్ బయటికి వచ్చేస్తుంది కాబట్టి పైన పూత తప్పనిసరి.

గ్లైకాల్ జోలికి నేను పోను. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి.

రేవుగట్టు

ఆకారం దారికి వచ్చింది, అడ్డపట్టీలు బిగించాను. అడుగు ప్లైవుడ్ కోసి చూస్తే కీల్ పైముఖం మాత్రమే పాడైంది, లోపల గట్టిగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. బోరేట్ పూసి ఆరబెట్టాను. ఫొటోలు పెట్టాను.

ఇప్పుడు కొత్త ప్లైవుడ్‌ని పాతదానికి ఎలా కలపాలి? అంచులు ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అంటించే వాలు అతుకా, వెనక దిమ్మ వేసి కొసకి కొస కలపడమా?

చిత్రిక పొట్టు

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఈ ప్రశ్న కోసమే ఆగాను.

రెండూ సరైనవే, చోటుని బట్టి. వాలు అతుక్కి నిష్పత్తి ఒకటికి ఎనిమిది. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి 48 మిల్లీమీటర్ల వాలు. చిత్రిక పట్టేటప్పుడు ప్లైవుడ్ పొరలు చారలుగా కనిపిస్తాయి. ఆ చారలన్నీ తిన్నగా, సమాన వెడల్పులో ఉంటే వాలు సరిగ్గా వచ్చినట్టు. వంకర పోతే ఎక్కడ ఎక్కువ తీశారో ఆ చారలే చూపిస్తాయి. ఇంత చక్కగా తన తప్పు తానే చెప్పే పని ఇంకోటి లేదు.

వంపు ఉన్న చోట, ముఖ్యంగా ముక్కు వైపు, వాలు అతుకే వేయండి. దిమ్మ వేస్తే అక్కడ వంపు చదును అయిపోయి బయటి నుంచి కనిపిస్తుంది. అడుగు వెనక సగం దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి అక్కడ దిమ్మ వేయొచ్చు. దిమ్మ అదే మందం ప్లైవుడ్, వెడల్పు కనీసం 150 మిల్లీమీటర్లు, పైపొర పీచు అడుగు పలక పీచు దిశలోనే ఉండాలి. పైఅంచులు వాలుగా చెక్కండి, నీళ్ళు నిలవకుండా. అతుకు ఫ్రేము మీద పడకూడదు, రెండు ఫ్రేముల మధ్య పడాలి.

జిగురు వేసే తీరు: ముందు రెండు ముఖాలకీ ఏమీ కలపని ఎపాక్సీ పూయండి. ప్లైవుడ్ కొసలు స్పాంజిలా పీల్చుకుంటాయి. కాసేపు ఆగి, ఎండిపోయినట్టు కనిపించిన చోట మళ్ళీ పూయండి. అప్పుడు సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీ రాసి కలపండి. క్లాంపులు మరీ బిగించొద్దు, జిగురంతా బయటికి పోతుంది. సన్నటి మైక్రోబెలూన్ (బోలు బుడగల) పొడి గీతలు సరిచేయడానికే, అతుకుల్లో దానికి బలం లేదు.

ప్లైవుడ్ సంగతి: బీఎస్ 1088 అనే బ్రిటిష్ ప్రమాణం ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. లోపలి పొరల్లో ఖాళీలు ఉండకూడదన్నది అసలు విషయం. మామూలు ప్లైవుడ్‌లో జిగురు గట్టిదే అయినా లోపల ఖాళీలుంటాయి, నీళ్ళు చేరేది అక్కడే. మెరైన్ అని రాసి ఉన్నంత మాత్రాన పుచ్చదని కాదు. ఒకూమే అనే ఆఫ్రికా కర్రతో చేసినది తేలిక, చక్కగా వంగుతుంది, కానీ పుచ్చుకి తట్టుకునే గుణం తక్కువ. పూత మీదే దాని ఆయుష్షు.

తెడ్డు

ముక్కు దగ్గర ఆరు మిల్లీమీటర్లది వంగకపోతే?

చిత్రిక పొట్టు

మూడు మిల్లీమీటర్లవి రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి అంటించండి. మొదటి పొర ఆరాక రెండోది. వేడినీళ్ళలో తడిపిన గుడ్డలు పరిచి ముందే కొన్నాళ్ళు వంచి ఉంచడం కూడా మంచిదే, కానీ అంటించే ముందు పూర్తిగా ఆరాలి.

గాలివాటం

ఫొటోలు చూశాను. కీల్ ఇంత బాగుంటుందని అనుకోలేదు. మీరు ఈ పడవనే ఉంచాలనుకోవడం సబబే.

స్క్రూల గురించి ఒక మాట. పాతవి ఇత్తడివైతే తిరిగి వాడొద్దు. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింక్ కరిగిపోయి గులాబీ రంగులో పెళుసుగా మిగులుతుంది, తిప్పితే తల ఊడుతుంది. సిలికాన్ బ్రాంజ్ (సిలికాన్ కలిసిన కంచు) అన్నిటికంటే మంచిది. స్టెయిన్‌లెస్ స్టీల్ నీటి పైన బాగుంటుంది, కానీ నీటి కింద తడి కర్రలో గాలి తగలని చోట పైకి బాగున్నట్టే కనిపిస్తూ లోపల తుప్పు తినేస్తుంది. రాని స్క్రూ తల మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చేసి, చల్లారాక తిప్పండి. చాలాసార్లు కదులుతుంది.

రేవుగట్టు

ఆ సోల్డరింగ్ ఐరన్ చిట్కా అద్భుతంగా పనిచేసింది! వెనక పలక తీసేశాను, కొత్తది ప్లైవుడ్ పొరలు అంటించి చేస్తున్నాను. ఫ్రేముల కింది కొసల దగ్గర సందేహం. పక్కన జోడు కర్ర వేసి బిగిస్తే చాలదా?

ఉలిచప్పుడు

చాలదు. రెండు కర్రల మధ్య సందులో తడి నిలిచి, పాత పుచ్చు కొత్త కర్రకి అంటుకుంటుంది. పుచ్చిన కొస కోసేసి, కొత్త ముక్కని వాలు అతుకుతో కలపండి. తప్పనిసరిగా ఫ్రేము కింద, కీల్‌కి రెండు పక్కలా నీళ్ళు పోయే రంధ్రాలు వదలండి. మీ పడవలో ఆ రంధ్రాలు మట్టితోనూ పాత రంగుతోనూ మూసుకుపోయి ఉంటాయి, అందుకే ఆ కొసలే పోయాయి. కొత్త రంధ్రాలు వేలు దూరేంత వెడల్పుగా పెట్టి, లోపలి ముఖాలకి కూడా ఎపాక్సీ పూయండి.

వెనక పలకలో ఇంజన్ బోల్టుల రంధ్రాలూ అంతే. కావలసిన దానికంటే పెద్ద రంధ్రం వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో అసలు కొలత రంధ్రం వేయండి. బోల్టు కర్రని ఎక్కడా తాకకూడదు. పాత పడవల వెనక పలకలు పుచ్చేది ఎక్కువగా ఈ రంధ్రాల నుంచే.

పాతరంగు

ఎపాక్సీ ఆరాక పైన మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని మామూలు నీళ్ళతో, గరుకు స్పాంజితో కడగాలి, ఎమరీ కాగితం ఆ తర్వాతే. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగి రంగు ఊడుతుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే జీవితాంతం పడదు. ఎండకి ఎపాక్సీ తెల్లబడి పొడి అవుతుంది, పైన రంగు గానీ అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ గానీ ఉండాల్సిందే.

రేవుగట్టు

డెక్‌కి వార్నిష్ వేయాలని మొదట్నుంచీ ఆశ. పాత ఫొటోల్లో డెక్ తేనె రంగులో మెరుస్తోంది. అడుగుకి మాత్రం రంగే.

చిత్రిక పొట్టు

వేయండి, అందం దానిదే. కానీ ఏటా ఎమరీ పట్టి రెండు పొరలు తిరిగి వేసే ఓపిక ఉంటేనే. పగిలిన వార్నిష్ కింద నీళ్ళు చేరితే కర్ర నల్లబడి కనిపిస్తుంది, ఆ లెక్కన అది ముందే హెచ్చరిస్తుంది కూడా. డెక్ అంచుల కొసలకి మూడు సార్లు ఎపాక్సీ పూసి, ఆ తర్వాతే అంచు పట్టీ బిగించండి. పట్టీ కింద సాగే గుణమున్న సీలెంట్ వేయండి, ఎపాక్సీతో అంటించొద్దు. ఎప్పుడైనా దాన్ని విప్పి లోపల చూడాల్సి వస్తుంది.

నీటిగీత

డెక్ వేసే ముందు ముక్కు లోపలి భాగానికి గాలి ఆడేలా ముందూ వెనకా రంధ్రాలు వదిలారా? పాత కట్టుడులో అక్కడ మూసేసి ఉంటే ఇప్పుడు తెరవండి. పడవ మునగకుండా లోపల నింపిన తేలే ఫోమ్ కూడా తీసి బరువు చూడండి, బరువెక్కి ఉంటే నీళ్ళు పీల్చినట్టే, మార్చాలి. పడవ షెడ్‌లో ఉన్నా బయట ఉన్నా బోర్లించి, కింద గాలి ఆడేలా దిమ్మల మీద పెట్టండి. బోర్లించకుండా ఉంచాల్సి వస్తే ముక్కు ఎత్తి, వెనక అడుగున ఉన్న డ్రైన్ ప్లగ్ తీసేయండి. టార్పాలిన్ డెక్‌కి అంటుకోకుండా మధ్యలో వెన్నుబద్ద ఒకటి వేసి దాని మీంచి కప్పండి.

రేవుగట్టు

ముక్కు లోపల గాలికి దారి లేదు, మీరు చెప్పాకే చూశాను. మొదటి ఫ్రేములో రెండు గుండ్రటి రంధ్రాలు కోశాను, డెక్ మీద చిన్న వెంటిలేటర్ పెడుతున్నాను. ఫోమ్ తీస్తే నీళ్ళు కారాయి, మొత్తం మారుస్తున్నాను. అడుగు పలక రేపు అంటిస్తాను, ఫొటోలు పెడతాను.

ఉలిచప్పుడు

అంటించే ముందు ఎపాక్సీ లేకుండా ఒకసారి మొత్తం పేర్చి, స్క్రూలు కూడా వేసి చూసుకోండి. తాడు మళ్ళీ కట్టి కీల్ లోతులు ఇంకోసారి కొలవండి. అంకెలు ముందు రాసుకున్న వాటితో కలిస్తేనే ఎపాక్సీ కలపండి. చిన్న డబ్బాల్లో కొద్దికొద్దిగా కలపండి, ఎక్కువ కలిపితే డబ్బాలోనే వేడెక్కి గట్టిపడుతుంది. సాయానికి ఇంకొకరిని పిలవండి, పెద్ద పలకని ఒక్కరే పట్టుకుని కూర్చోబెట్టలేరు.